మన యింటి పూదోట: శలభపుష్పము

గత రెండు మాసములలో ఈ పుటకు వచ్చిన జాబులలో అయిదు ఒకే పూవును గుఱించినవి. పట్టణవాసులైన సోదరీమణులు దాని నెఱుగుదురు. వెడల్పైన దళసరి యాకులు నాలుగైదు. వాని ప్రక్కనుండి విల్లువలె వంగిన యొక సన్నని కాడ. ఆ కాడ పొడవున తెల్లనివి, గులాబివన్నెవి, పసుపుపచ్చనివి, ఱెక్కలు విప్పి వ్రాలిన పురుగులవలె వరుసదీరిన పూలు. గృహప్రవేశములకును, సన్మానములకును నేడు దీనిని కుండీతో గూడ కానుక యిచ్చుట వాడుక యైనది. అంగడివారు దీనిని ఆర్కిడ్ అని యొక్కమాటలో జెప్పి యూరకుందురు. ఆర్కిడ్లలో 25,000 కు పైగా జాతులు గలవు. అందు దీని వంశనామము ఫెలనాప్సిస్. గ్రీకుభాషలో 'ఫలైనా' యనగా దీపముచుట్టు దిరుగు శలభము. 'ఓప్సిస్' యనగా రూపము. 1825 లో, జావాద్వీపమున బనిచేయుచుండిన బ్లూమ్ అను శాస్త్రవేత్త యీ పేరు పెట్టెను. కాన మేము దీనిని శలభపుష్ప మనుచున్నాము.

వచ్చిన జాబులలో నాలుగింటి ప్రశ్న యొకటియే: "పూలన్నియు రాలిపోయినవి, ఇక మొక్కను పాఱవేయవచ్చునా?" అయిదవ జాబు హైదరాబాదునుండి యొక సోదరి వ్రాసినది. ఆమె గృహప్రవేశమునాడు తల్లి యీ మొక్కను స్వయముగా నెత్తుకొని వచ్చి కిటికీలో బెట్టినదట. పూలు మూడు మాసములు నిలిచినవి. అవి రాలిన కొలది దినములకే తల్లి స్వర్గస్థురాలైనది. అది మొదలు ఆమె యీ మొక్కకు రెండు పూటల నీరు పోయుచున్నది. అయినను ఆకులు ముడుతలు పడుచున్నవి. ముడుతలు పడినకొలది మఱింత నీరు పోయుచున్నది. ఇంటివారు "కాడ యెండినది, ఇంకెందులకు?" అనుచున్నారు. అత్తగారు "ఇది బదనికజాతి, ఒకదానిని దిని బ్రదుకునది, ఇంట నుండరాదు" అన్నారట. "ఇది బ్రదుకునా, బ్రదుకదా? తేల్చి చెప్పుడు" అని యామె కోరినది.

తల్లి చేతి మొక్కను గుఱించి యడిగినపుడు ఊరడింపు మాటలు పలికి పంపుట తగదు. ఉన్నదున్నట్లు చెప్పుటయే మేలు. ముందుగా నలుగురు సోదరీమణులకును కలిపి యొక్కమాట: పూలు రాలుట యీ మొక్కకు చావు కాదు. మల్లెపొద పూయుట మానినపుడు దానిని మనము పెఱికి వేయము గదా! శలభపుష్పము సక్రమముగా నున్నచో ఏటేట పూయును. పది పదునైదేండ్లు పూయుచుండిన కుండీలు గలవు.

ఇక అత్తగారి మాట. పెద్దల మాట నిరాధారము గాదు. మామిడికొమ్మలమీద మొలచు బదనిక నిజముగనే తన వేళ్లను చెట్టులోనికి దింపి దాని రసమును బీల్చును. బదనిక బలిసిన కొమ్మ యెండును. అయితే చెట్టుమీద నున్న ప్రతి మొక్కయు చెట్టును దినదు. అమరకోశమునందు వనౌషధివర్గమున 'వందా' యను దానికి జెప్పిన పర్యాయములలో రెండింటిని గమనింపుడు. ఒకటి వృక్షాదని, అనగా చెట్టును దినునది. రెండవది వృక్షరుహ, అనగా చెట్టుపై మొలచునది. నిఘంటువున నవి ప్రక్కప్రక్కనే యున్నవి. ప్రకృతిలో మాత్రము రెండును వేఱువేఱు కాపురములు. బదనిక వృక్షాదని. మన శలభపుష్పము వృక్షరుహ మాత్రమే. అది కొమ్మను ఆసరాగా బట్టుకొనును గాని కొమ్మనుండి యొక బొట్టు రసమైనను గ్రహింపదు. వానధారయు, గాలితేమయు, బెరడు పగుళ్లలో నిలిచిన ఆకుకుళ్లును దానికి జాలును.

ఇట్టి మొక్కలు మనకు క్రొత్తవియు గావు. మన మామిడితోటలలో ముదురు కొమ్మలను బట్టుకొని, గోధుమవన్నె గళ్లును, ఊదారంగు పెదవియు గల సువాసనపూలు పూయు నొక ఆర్కిడ్ గలదు. సామర్లకోటలో చిరకాలము పనిచేసిన రాక్స్‌బరో దొర, కోరమాండల్ తీరపు మొక్కలను గుఱించి 1795 లో వెలువరించిన సంపుటమునందు దీనిని వర్ణించెను. నేడు దాని శాస్త్రీయనామము వాండా టెస్సెల్లేటా. ఆ 'వాండా' యనునది మన సంస్కృతపు 'వందా' శబ్దమే. శలభపుష్పము దానికి జ్ఞాతి. ఈ పేరాను అత్తగారికి చదివి వినిపింపుడు. ఆమెయు తోటల నెఱిగిన యిల్లాలే యైనచో సంతసింపగలరు.

ఇప్పుడు నీటి సంగతి. శలభపుష్పముల పుట్టినిండ్లు ఇండోనేసియా, ఫిలిప్పీను ద్వీపముల అడవులు. మన దేశమున ఈశాన్యపు కొండలు, అండమాను నికోబారు ద్వీపములలోను కొన్ని జాతులు గలవు. అచట నివి నేలమీద గాక చెట్లకొమ్మలమీద నివసించును. వేళ్లు మట్టినెఱుగవు, గాలిలో వ్రేలాడుచుండును. వేరుచుట్టు దూదివంటి మెత్తని తెల్లని పొర గలదు. వాన కురిసినపుడు ఆ పొర నిమిషములలో నీటిని బీల్చుకొనును. వాన వెలిసిన తోడనే గాలి సోకి మఱల నాఱును. తడియుట, ఆఱుట, తడియుట, ఆఱుట: ఇదియే దాని శ్వాస. మా వారి బడిపిల్లలు ఆదివారములందు మా యింటికి వచ్చినపుడు, వెండివలె తెల్లగ నాఱియున్న వేరుమీద నొక నీటిబొట్టు వేసి చూపుదుము. బొట్టు పడిన మేర క్షణములో ఆకుపచ్చనగును. తడిసిన పొర గాజువలె పారదర్శకమై, లోపలి పచ్చదనము కనబడుటయే దీనికి గారణము. ఆకులవలెనే యీ వేళ్లును వెలుగును గ్రహించి యాహారము చేసికొనగలవు.

ఇట్టి వేరును దినమునకు రెండుమార్లు ముంచినచో ఏమగును? ఊపిరి సలుపక కుళ్లును. కుళ్లిన వేరు నీటిని ద్రావలేదు. చుట్టును నీరున్నను మొక్క దాహముతో నలమటించును. ఆకులు ముడుతలు పడును. చిక్కంతయు నిందే యున్నది: నీరు చాలని మొక్కయు, నీరెక్కువైన మొక్కయు చూపునకు ఒక్కతీరుగనే యుండును. ఆకును జూచి నీరు పోయువారు రెండవదానిని మొదటిదిగా భ్రమింతురు. అందుచే ఆకును గాక వేరును జూడవలెను. మా యెఱుకలో శలభపుష్పములు అలక్ష్యముచేత జచ్చినవి కొన్ని, ఆపేక్షచేత జచ్చినవి పెక్కు.

హైదరాబాదు సోదరి చేయవలసిన దిది. ఒక ఉదయమున తీరికగా గూర్చుండి, మొక్కను కుండీనుండి మెల్లగా పైకి దీయవలెను. వేళ్లచుట్టు నున్న పాత నాచును, చెక్కలను వ్రేళ్లతో విడదీసి పాఱవేయవలెను. అంగడి మొక్కలకు నడిమధ్య తడినాచు ముద్ద యొకటి తఱచుగా నుండును. పైన నాఱినట్లు గానవచ్చినను లోపల వారములకొలది నాననిచ్చునది యదియే. పిమ్మట ఒక్కొక్క వేరును వ్రేళ్ల నడుమ నొక్కి చూడుడు. గట్టిగా నున్నది, తెల్లనిదైనను పచ్చనిదైనను, సజీవము. మెత్తగా, గోధుమవన్నెతో, నొక్కినంతనే నీరుకారి దారమువంటి నరము మాత్రము మిగులునది మృతము. కత్తెరను మంటమీద చూపి, చల్లాఱినపిదప మృతములైన వేళ్లను గత్తిరింపుడు. కోసిన గాట్లకు మాత్రము దాల్చినచెక్క పొడి యద్దుడు. మంచి వేళ్లకు దానిని దగులనీయకుడు, అది వానినెండించును. ఆ దినమంతయు మొక్కను నీడలో నాఱనిచ్చి మఱునాడు నాటుడు.

ఇక మొవ్వను జూడుడు. ఈ మొక్కకు మొవ్వ యొక్కటియే. క్రొత్తాకులన్నియు నచటినుండియే వచ్చును. మొవ్వ గట్టిగా నుండి, మంచి వేళ్లు రెండు మూడైనను మిగిలియున్నచో మొక్క బ్రదుకునని మేము ధైర్యముగా జెప్పుదుము. వేళ్లొక్కటియు మిగులక మొవ్వ మాత్రము బాగున్నచో, కొద్దిగా తడిపిన నాచుమీద మొదలు నానించి, నీడపట్టున గాలితేమ గలచోట నుంచవలెను. రెండు మూడు మాసములకు క్రొత్తవేరు పొడసూపవచ్చును, చూపకపోవచ్చును. మొవ్వయే నల్లబడి కుళ్లినచో ఆశ సన్నము. అప్పుడును మొదటినుండి యొక పిలక వచ్చుట కలదు. అయితే తఱచు గాదు. అమ్మా, మీ కుండీ యీ మూడింటిలో నేదియో కుండీ విప్పినగాని తెలియదు. మీ జాబులో "మొన్న నొక లేతాకు వచ్చినది" అని వ్రాసియుంటిరి. లేతాకు వచ్చినదన్నచో మొవ్వ సజీవమై యున్నదన్నమాట. దానిని బట్టియే మేమీ మాసమున మిగిలినవన్నియు నాపి యీ సంగతి వ్రాయుచున్నాము. మీరు ముందుగా జేయవలసిన పని మాత్రము చెంబును ప్రక్కన బెట్టుట.

మఱల నాటునపుడు మట్టి యెంతమాత్రమును గూడదు. మేము వాడునవి మూడు: పొయ్యిబొగ్గు ముక్కలు, ఇటుక లేదా పెంకు ముక్కలు, కొబ్బరి డొక్కల ముక్కలు, అన్నియు ఉసిరికాయంత ప్రమాణమున నుండవలెను. కొబ్బరి ముక్కలను మూడు దినములు నానబెట్టి, దినదినము నీరు మార్చి, ఎఱ్ఱని యూట పోయినపిదపనే వాడవలెను. దానిలోని యుప్పు వేరును గాల్చును. కోస్తాజిల్లాలలో గాలియందే తేమ గలదు గనుక బొగ్గు, ఇటుక హెచ్చుగాను, హైదరాబాదు, రాయలసీమ ప్రాంతములలో కొబ్బరి హెచ్చుగాను గలుపుట మంచిది. కుండీ వేళ్లకు సరిపోవునంతయే యుండవలెను. పెద్దకుండీ పెద్దమనసు గాదు, పెద్దతడి. ప్రక్కలకును రంధ్రములు గల మట్టికుండీ శ్రేష్ఠము. లోపలి వేళ్లు కానవచ్చు పారదర్శకపు ప్లాస్టిక్ కుండీ క్రొత్తవారికి మంచి గురువు. కుండీ వెలుపలికి వచ్చి గాలిలో దిరుగు వేళ్లను మాలిన్యమని కత్తిరింపరాదు. రెండేండ్ల కొకసారి, పూలు రాలినపిదప, ముక్కలను మార్చవలెను.

నీరు పోయుటకు దినముల లెక్క లేదు. వేరు వన్నెయే లెక్క. వేళ్లు పచ్చగా నున్నంతవఱకు నీరు వలదు. వెండివన్నెకు దిరిగినపుడు కుండీని ఒక బేసినులో పది నిమిషము లుంచి, పైకి దీసి, నీరంతయు నోడ్చి, చోట బెట్టుడు. ఈ పని యుదయముననే చేయవలెను. మా యింట చలికాలమున వారమున కొకసారియు, వేసవిలో రెండు మూడు సారులును సరిపోవుచున్నది. మొవ్వలో నీరు నిలిచినచో గుడ్డకొనతో నద్ది తీయుడు. మొవ్వ కుళ్లుటకు మొదటి గారణ మదియే. వాననీరు అన్నింటికంటె మేలు. బోరునీటి యుప్పు మెల్లమెల్లగా వేళ్లను జెఱచును. త్రాగునీటిని శుద్ధిచేయు యంత్రము వెడలగొట్టు నీటిని వృథా పోనీయరాదని యనేకులు మొక్కలకు బోయుదురు. అందు ఉప్పు మఱింత చిక్కనై యుండును గనుక దీనికి మాత్రము పోయవలదు.

వెలుగు కావలెను, ఎండ కూడదు. తూర్పు కిటికీ యుత్తమము. పలుచని తెర యున్నచో పడమటి కిటికీయు బనికివచ్చును. ఆకుమీద అఱచేయి పట్టి చూడుడు: నీడ మసకగా బడినచో వెలుగు సరి, అంచులు తెగి నల్లగా బడినచో ఎండ యెక్కువ, నీడయే పడకున్నచో వెలుగు చాలదు. ఆకు ముదురుపచ్చనై నిగనిగలాడుట యారోగ్యమని తలపకుడు. అది వెలుగు చాలని మొక్క. ఇంచుక లేతపచ్చగా నుండుటయే పూలకు మంచిది. మన వేసవి దీనికి గడ్డుకాలము. 18 డిగ్రీలనుండి 30 డిగ్రీల వఱకు దీనికి సుఖము. 35 దాటినచో బాధ. చైత్రము మొదలు మృగశిర కార్తె వఱకు కిటికీనుండి లోపలికి జరిపి, గులకఱాళ్లు పఱచిన పళ్లెములో నీరు పోసి, నీరంటకుండ ఱాళ్లమీద కుండీని నిలిపి, గాలి యాడనీయవలెను. పంకాగాలి మంచిదే, ఏసీ గాలి సూటిగా దగులరాదు. ఈ మొక్క పగటివేళ ఆకుల సూక్ష్మరంధ్రములను మూసికొని, రాత్రి చల్లబడినపిదప తెఱచి గాలిలోని బొగ్గుపులుసు వాయువును గ్రహించును. రాత్రియందు గదిని పూర్తిగా మూసి యుక్కపోయనీయకుండుట దానికిని మేలు, మనకును మేలు.

ఎఱువు కొంచెము చాలును. నత్రజని, భాస్వరము, పొటాషు సమపాళ్లుగా నున్న నీటిలో గరగు ఎఱువును, డబ్బాపై జెప్పిన మోతాదులో నాలుగవవంతు మాత్రము, పక్షమున కొకసారి యిచ్చి, నెలకొకసారి వట్టి నీటితో కుండీని బాగుగ గడుగుడు. పాలు, బియ్యపుకడుగు, పేడనీరు దీనికి బనికిరావు. గులాబికి విందైనది వృక్షరుహకు విషమగును. ఆకుల యడుగున పిండినల్లి చేరినచో, దూదిని స్పిరిటులో ముంచి తుడిచిన బోవును. వానకాలమున నత్తలకు లేతవేళ్లు మిక్కిలి ప్రీతి. రాత్రి దీపము దీసికొని వెదకవలెను.

ఇక పూవు. శరత్తు దాటి రాత్రులు చల్లబడినపుడు ఈ మొక్క కాడ వేయును. మూడు నాలుగు వారములు రాత్రులు 20 డిగ్రీల ప్రాంతమునకు దిగినచో చాలును; వేడి 28 డిగ్రీలకు దిగనిచోట అది యాకులు వేయుచు నుండును గాని పూయదు. మన అదృష్టమున కార్తికమార్గశిరములు మనకీ మేలు నూరకయే చేయుచున్నవి. కొందఱి మొక్కలు పూయకుండుటకు గారణము, చలియని దానిని మూసిన గదిలో దాచుట. కార్తికమాసమున దానిని కిటికీయొద్దనే యుండనిండు. ఆకు మొదట క్రొత్తగా బొడిచినది వేరో కాడయో తెలియుటకు గుఱుతు: వేరుకొన గుండ్రముగా నుండును, కాడకొన యొకవైపు మొనదేలి, చిన్ని బొటనవ్రేలివలె నుండును. కాడ పొడిచినది మొదలు కుండీని త్రిప్పరాదు. మొగ్గలన్నియు వెలుగువైపు దిరిగి యొక్కముఖమై పూచుటకే యీ నియమము. మొగ్గ విచ్చునపుడు పూవు తన కాడమీద సగము చుట్టు దిరిగి, పెదవిరేకును క్రిందికి దెచ్చుకొనును. ఓపికతో గమనించువారికి దినదినము వేడుకయే.

ఇంకొక హెచ్చరిక యిల్లాండ్రకే చెప్పదగినది. మొగ్గలు విచ్చకుండగనే పసుపుబాఱి రాలుచున్నచో, చుట్టు మగ్గుచున్న పండ్లున్నవేమో చూడుడు. అరటిగెల, మాగవేసిన మామిడికాయలు ఎథిలీన్ అను వాయువును విడుచును. కాయను పండించు నా వాయువే మొగ్గను రాల్చును. పొగయు నిట్టిదే. కాన మొగ్గలున్నన్నాళ్లు మొక్కను వంటింటికిని, ధూపము వేయు చోటికిని దూరముగ నుంచవలెను. పూలన్నియు రాలినపిదప కాడ పచ్చగా నున్నచో, క్రిందినుండి రెండవ మూడవ కణుపుల పైగా కత్తిరింపుడు. ఆ కణుపునుండి యొక్కొక్కప్పుడు ప్రక్కకొమ్మ వచ్చి మఱల బూయును. మొక్క నలిగి యున్నచో ఆశపడక మొదలంట గోయుడు. కణుపునుండి చిన్నిమొక్క పుట్టుటయు గలదు. హవాయి ద్వీపవాసులు తమ భాషలో దీనిని 'కెయికి', అనగా శిశువు, అందురు, మన పిలకయే. దానికి రెండు మూడంగుళముల వేళ్లు వచ్చినపిదప కోసి వేఱుగ నాటవచ్చును. తల్లిమొక్కను బోలిన బిడ్డ యింట నుండవలెనని కోరువారికి ఇంతకు మించిన మార్గము లేదు.

ఒక మొక్క పూచినపిదప రెండవదానిమీద మనసు పోవుట సహజము. కూర్చుటకు మేము పాటించు నియమములు చెప్పెదము. ఉన్నది మఱల పూయనంతవఱకు క్రొత్తది కొనము. పూలు రాలిన మొక్కలను అంగడివారు తక్కువ వెలకు విడుతురు. మా యింటి పదునొక్క కుండీలలో ఏడు అట్లు వచ్చినవే. ప్రతి కుండీకి నొక పుట కేటాయించి, కొన్న దినము, కాడ పొడిచిన దినము, తొలిపూవు విచ్చిన దినము, తుదిపూవు రాలిన దినము వ్రాయుదుము. రెండేండ్లు గడచునప్పటికి ఆ పుస్తకమే మన యింటి గాలికి, వెలుగునకు దగిన శాస్త్రమగును.

జాతులలో కొన్నింటిని బేర్కొందుము. అమాబిలిస్ తెల్లనిది, మనము సిగలో దురుముకొను మల్లెతోబాటు దీనిని గూడ ఇండోనేసియా 1993 లో తన జాతీయపుష్పములలో నొకటిగా బ్రకటించెను. షిల్లేరియానా ఫిలిప్పీను ద్వీపములది. ఆకులపై వెండిమచ్చలుండుటచే పూవు లేకున్నను అందమే. ఈక్వెస్ట్రిస్ చిన్నది, చోటు తక్కువగా గల యిండ్లకు దగినది. బెల్లినా యొక్కొక్క పూవునే పూచును గాని మంచి వాసన గలది. అంగడిలో మనకు దొరకునవి మాత్రము జాతుల గలయికచే బుట్టిన సంకరములు. మనుష్యుల చేతిమీదుగా బుట్టిన తొలి శలభపుష్ప సంకరము ఇంగ్లండులో వీచ్ వారి తోటలో 1886 లో బూచెను.

ఇచట నొక మనవి. కొండయూళ్లకు యాత్ర వెళ్లినపుడు, చెట్లనుండి పెఱికిన ఆర్కిడ్లను గంపలలో నమ్ముట కాననగును. వానిని గొనవలదు. అడవిలో నొక్క ఆర్కిడ్ గింజనుండి మొలచుట యెంత దుర్లభమో యెఱిగినచో చేయి సాగదు. దాని గింజ ధూళికణమంత. లోపల మొలకకు గావలసిన యాహారమే యుండదు. ఒకజాతి బూజు దొరికి, దానికి పాలిచ్చినట్లు పోషించిననే మొలచును. వేలకొలది గింజలలో నొకటి దక్కుట గగనము. 1922 లో అమెరికాలో నూడ్సన్ అను శాస్త్రజ్ఞుడు చక్కెరగలిపిన జిగురుమీద ఆ బూజు లేకుండగనే గింజలను మొలపించి చూపెను. నేడు అంగళ్లలోని శలభపుష్పములన్నియు నిట్లు సీసాలలో బెరిగిన బిడ్డలే. వానిని గొన్నందున ఏ కొమ్మయు నెవ్వరిని గోల్పోదు. పెఱికి తెచ్చిన మొక్క మన వేడికి తాళక తఱచుగా నేడాదిలో జచ్చును. అచట కొమ్మయు బోసిపోవును. 1975 నుండి యమలులోనున్న సైటిస్ ఒడంబడిక ఆర్కిడ్ల అంతర్జాతీయ వర్తకమున కదుపు పెట్టినది. మన దేశమున 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమున తరువాత జేర్చిన భాగము, నీలి వాండా మొదలగువానికి రక్షణ కల్పించినది. చట్టము మాట యటుండనిండు. అస్సాము వనితలు వైశాఖపు బిహు పండుగకు కొపౌ అను ఆర్కిడ్ పూగుత్తిని సిగలో ముడుచుకొందురు. చెట్టున మొక్క నిలిచినంతకాలమే యా సిగకు పూవు.

కాన, సోదరీమణులారా, ఈ మాసమున మీ కుండీ నొక్కసారి విప్పి వేళ్లను జూడుడు. వెండివన్నె, పచ్చదనము, గోధుమవన్నె. ఈ మూడింటిని గుఱుతింప నేర్చినచో మిగిలినదంతయు నోర్పు. చూచినది చూచినట్లు మాకు జాబు వ్రాయుడు. మంచి వేళ్లెన్ని మిగిలినవో లెక్కతో వ్రాసినవారికి ఈ పుటలోనే యుత్తరమిత్తుము. వచ్చు మాసమున, పలువురు కోరిన ప్రకారము, మేడమీద కుండీలలో మల్లెను కత్తిరించి చిగురింపజేయు విధమును వివరింపగలము.